కష్తాకు చోటు

మాట దగ్గరే తడబాటు

కష్తా అన్న మాట మొదటిసారి ఫోన్‌లో విన్నప్పుడు నాకు కష్టం అనే వినబడింది. రియాద్‌లో దిగి వారం కూడా కాలేదు. నన్ను వీసా మీద పిలిపించుకున్న కఫీల్ పేరు అబూ మాజిద్. ఆయన ఫోన్ చేసి, "బుక్రా కష్తా, కరవాన్ జాహిజ్" అన్నాడు. బుక్రా అంటే రేపు అని విమానంలో పక్క సీటాయన నేర్పాడు. కరవాన్ అంటే మా బండే. మిగిలింది మన తెలుగు మాట అనుకున్నాను. రేపు కష్టం ఉంది, బండి సిద్ధం చేసుకో అంటున్నాడు! ఎంత మంచి యజమాని, కష్టం కూడా ముందుగా చెప్పి పెడుతున్నాడు అని తెగ సంబరపడ్డాను.

నాతోపాటు పనికి కుదిరిన గంగారాంకి ఆ మాట చేరవేశాను. నాది రాయచోటి, వాడిది జగిత్యాల దగ్గర పల్లె. వాడు వెంటనే ఇంజన్ ముందు అగరుబత్తి వెలిగించి, ముందు టైరు కింద నిమ్మకాయ పెట్టాడు. నేను బిస్మిల్లా అన్నాను. ఇద్దరి దేవుళ్లనీ పనిలో పెట్టి మర్నాడు బయలుదేరాం. తీరా చూస్తే ఇసుక దిబ్బల పక్కన తివాచీలు, కాఫీ కూజాలు, నిప్పుల మీద మాంసం, ఇసుక మీద జారే పిల్లలు. కష్తా అంటే ఎడారిలో వనభోజనం. ఇంటిల్లిపాదీ పోయి డేరా వేసుకొని రెండు మూడు రోజులు ఉండి రావడం.

"గిదా మస్తానన్నా నువ్వు జెప్పిన కష్టం? గిసొంటి కష్టం రోజు రావాలె" అన్నాడు గంగారాం, అన్నం పళ్లెం ముందు బాసింపట్టు వేసుకొని.

ఆ ఎగతాళి మా ఇద్దరి మధ్య ఏళ్ల తరబడి నడిచింది. కానీ నేను విన్నది పూర్తిగా తప్పు కూడా కాదు. చలికాలంలో అది కష్తానే. ఎండాకాలంలో బండి తప్పు చోట ఆపారంటే కష్టమే. ఇప్పుడు మా పక్క నుంచి ఇదే పనికి పోయే కుర్రాళ్లు లైసెన్సు గురించి అడుగుతారు, జీతం గురించి అడుగుతారు. చోటు గురించి ఒక్కడూ అడగడు. అందుకే ఇది రాస్తున్నాను.

డ్రైవరు పని కాదు

మా యార్డు రియాద్‌లోని మలాజ్ పేటలో, పాత దుకాణాల వెనక. పికప్‌కి తగిలించి లాగే కరవాన్లు కొన్ని, మొత్తం ఇల్లే నడిచినట్టుండే పెద్ద బండి ఒకటి. లోపల మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూము, పైకప్పు మీద ఏసీ. వాటిని అద్దెకిచ్చేవాళ్లం. వీసాలో నా హోదా డ్రైవరు అని ఉండేది. డ్రైవింగు అందులో సులువైన భాగం. అసలు పని బండి ఆపాకే మొదలవుతుంది.

చలికాలంలో ఎక్కడ ఆపినా చెల్లుతుంది. ఎండాకాలంలో కరవాన్ అడిగేవాళ్లు తక్కువే కానీ ఉంటారు. సర్వే ఇంజనీర్లు, యాన్బు ఫ్యాక్టరీల్లో పనికి వచ్చి సముద్రం ఒడ్డున ఉందామనుకునే వాళ్లు, ఉనైజాలో ఖర్జూరాల కోత రోజుల్లో తోట దగ్గర మకాం పెట్టేవాళ్లు. వాళ్లంతా ఏసీని నమ్ముకొని వస్తారు. ఏసీని నమ్మకండి. ఏసీ జనరేటర్ మీద ఆధారపడింది, జనరేటర్ పెట్రోలు మీద, అదంతా ఒక రబ్బరు పైపు మీద. అవన్నీ ఆగిపోయినా మనిషి బతికే చోటు చూడటమే మన ఉద్యోగం. ఈ ఒక్క ముక్క గుర్తుంటే మిగతాది చదవకపోయినా నాకు కోపం లేదు.

చెట్టు కనబడగానే ఆగేవాళ్లకి

మనవాళ్లు మాత్రమే చేసే తప్పు ఒకటుంది. మా సీమలో వేసవిలో ఏరు ఎండితే ఆ ఇసుకలోనే చాపేసుకొని పడుకుంటాం. చెలమ తవ్వితే నీళ్లు, పక్కన ఒడ్డు మీద చెట్ల నీడ. గంగారాం వాళ్ల వాగు దగ్గరా అంతే. కాబట్టి మొదటి వేసవిలో యాన్బు పోయే దారిలో ఎండిన వాదీ, అంటే వాగు, అందులో తుమ్మ లాంటి చెట్లు కనబడగానే మా ఇద్దరికీ సొంత ఊరు కనబడింది. ఇంకేం, దింపాం బండిని.

రెండు పక్కలా గట్లు. ఆకు కదల్లేదు. పగలంతా కాగిన ఇసుక, పొద్దు గూకినా సెగ వదల్లేదు. చెట్టు కింద ఒంటెలు పడుకున్న చోటు కావడంతో పిడుదులు కాళ్లకి పాకాయి. ముళ్లు టైర్లలో దిగాయి. మేం తీసుకెళ్తున్న సర్వే ఇంజనీర్లు మమ్మల్ని అన్న మాటలు రాయదగ్గవి కావు. పంక్చర్ల సంగతి చెబుదామని ఫోన్ చేస్తే అబూ మాజిద్ తిట్టలేదు. "వాదీ నీళ్ల రోడ్డు. నువ్వు మీ ఊళ్లో రోడ్డు మీద పడుకుంటావా?" అని మాత్రం అడిగాడు. ఎక్కడో కొండల్లో వాన పడితే ఇక్కడ మబ్బు తునక లేకుండానే నీళ్లు వచ్చేస్తాయట. ఆయన చాలా విషయాల్లో పిసినారి గానీ ఇలాంటి సంగతులు ఒక్క మాటలో తేల్చేవాడు. ఆ విషయంలో ఆయన దగ్గర నేర్చుకున్నంత నేను ఎక్కడా నేర్చుకోలేదు.

రెండో తప్పు నేల విషయంలో. యాన్బు దాటాక సముద్రం పక్కన తెల్లగా, చదునుగా, కళ్లం అలికినట్టున్న నేల ఉంటుంది. గంగారాం దిగి మడమతో కొట్టి చూశాడు. "చౌడు భూమి అన్నా, రాయి లెక్కున్నది. మా దిక్కు గిసొంటి దాని మీదనే వడ్లు కొడ్తం" అన్నాడు. వాళ్ల చౌడు గట్టిదే కావచ్చు. ఈ చౌడు పైన పెచ్చు, కింద అడుసు. కరవాన్ వెనక చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. లాగడానికి వచ్చిన ట్రాక్టరు కూడా సగం దిగింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని గంగారాంని నెల రోజులు ఏడిపించాను. తెల్లటి నేల మీద ఒక ఇనప చువ్వ గుచ్చి చూడండి. సులువుగా దిగితే వెనక్కి తిరగండి.

గాలి ఎటు, తలుపు ఎటు

గాలి ముందు, నీడ తరవాత. కొంచెం మిట్టగా, గులకరాళ్ల గట్టి నేల చూడండి. వేసవిలో అక్కడ ఎక్కువగా ఉత్తరం నుంచి వీస్తుంది, షమాల్ అంటారు. బండి దిగి, జేబురుమాలు తడిపి చేతిలో పట్టుకొని కాసేపు నిలబడండి. అది ఎంత తొందరగా చల్లబడితే అంత మంచి చోటు. జనరేటర్ పొగ గాలి వాలుకి పోయేటట్టు పెట్టండి. బండి సమంగా ఉండాలి, ఒరిగితే గ్యాసు ఫ్రిజ్ పనిచేయదు. తారు రోడ్డు కంటికి కనబడాలి, ఫోన్ పలకాలి. ఒంటరితనం కావాలనే కస్టమర్లు ఉంటారు. వాళ్లకి దండం పెట్టండి గానీ లొంగకండి.

తలుపు విషయంలో మాత్రం గంగారాం గెలిచాడు. ఏ ఎడారిలో ఆపినా తలుపు తూర్పుకే ఉండాలనేవాడు. "ఇంటికి వాస్తు ఉండాలె అన్నా, దానికి చక్రాలుంటే ఏంది?" అనేవాడు. నేను పడీపడీ నవ్వేవాణ్ని. తరవాత గమనిస్తే, తలుపు తూర్పుకు ఉంటే మధ్యాహ్నం నుంచి బండి నీడ తలుపు ముందే పడుతుంది. పడమటి ఎండ బండి వీపు మీద పడుతుంది. కాస్త ఈశాన్యానికి తిప్పితే గాలి కూడా దక్కుతుంది. అబూ మాజిద్ ఇదంతా మా దేశపు మతం అనుకొని, కొత్త డ్రైవర్లకి కూడా "హిందీల లాగా పెట్టండి" అని చెప్పేవాడు. అక్కడ హిందీ అంటే ఇండియా వాడు. అలా నేను కూడా వాస్తు పాటించేవాళ్ల లెక్కలో చేరిపోయాను.

రంగు మారిన ఆఫీసు

తరవాత నితాఖాత్ వచ్చింది. కంపెనీలో ఎంతమంది సౌదీలు ఉన్నారన్న దాన్నిబట్టి కంపెనీకో రంగు. పచ్చ అయితే బతికినట్టు. మాది పసుపుకి దిగి, చివరికి ఎరుపు అంచుకి వచ్చింది. ఎరుపైతే ఇఖామాలు, అంటే అక్కడ ఉండటానికి మాకిచ్చే కార్డులు, తిరగరాయరు. జీతాల పట్టీలో కొత్త సౌదీ పేర్లు చేరాయి. రంగు సర్దుకుంది అనుకుంటుండగా పనివాడి తలకింత అని యజమాని ప్రభుత్వానికి కట్టే లెవీ పెరిగింది. మలాజ్‌లో మాకు తెలిసిన కుటుంబాలు సామాన్లు అమ్ముకొని వెళ్లిపోతుంటే రోజూ చూసేవాళ్లం. నేను దీన్ని తప్పు పట్టను. వాళ్ల దేశం, వాళ్ల పిల్లలకి ఉద్యోగాలు కావాలి. కానీ మెడ మీద కత్తి ఉన్నప్పుడు న్యాయం ఆలోచించడం కష్టం.

ఆ వేసవిలో ఖర్జూరాల కోతకి ఉనైజా బయలుదేరే ముందు అబూ మాజిద్ పిలిచాడు. "సాలెహ్ కుటుంబం ప్రతి ఏడూ మన దగ్గరే బండ్లు తీసుకుంటుంది. ఈసారి ఒక్క ఫిర్యాదు వచ్చినా నీకు ఖురూజ్ కొట్టిస్తా" అన్నాడు. ఖురూజ్ అంటే ఎగ్జిట్. మళ్లీ రాకుండా ఇంటికి. నేను తలూపి తాళాలు తీసుకున్నాను.

ఉనైజాలో పంతం

సాలెహ్‌కి ఉనైజాలో ఖర్జూర తోట ఉంది. ఏసీ ఇల్లూ ఉంది. కానీ వాళ్లమ్మ, అందరూ ఉమ్ సాలెహ్ అనే పెద్దావిడ, కోతల రోజుల్లో ఒకసారి ఎడారిలో పడుకోవాలంది. ఆవిడకి ఆయాసం. నాలుగడుగులు వేస్తే ఆగి ఊపిరి తీసుకునేది. చెయ్యి పట్టుకోవడానికి మనవరాలు నూరా ఎప్పుడూ పక్కన ఉండేది. ఈ వయసులో అమ్మ అడిగింది కాదనలేక సాలెహ్ కరవాన్ మాట్లాడాడు.

పెద్దావిడ కారులోంచే చెయ్యి చూపించింది. ఇసుక దిబ్బల మధ్య గుంట, గుంట నిండా గదా అనే ఎడారి చెట్లు. ఆ ఊళ్లో ఆ పొదలంటే ప్రాణం. "నా చిన్నప్పుడు మా నాన్న మకాం అక్కడే. అక్కడ పెట్టు" అంది.

నేను దిగి గుంటలోకి నడిచి రుమాలు తడిపాను. అది చల్లబడలేదు, ఆవిరి పట్టినట్టు వెచ్చబడింది. గాలి పైనుంచే పోతోంది. పైకి వచ్చి గులకరాళ్ల మిట్ట ఎక్కి చూస్తే అక్కడ రుమాలు చేతిలో నిలవలేదు.

"ఖాలా, బండి ఇక్కడ పెడతాను. చెట్లలో పెట్టను" అన్నాను. ఖాలా అంటే మా ఇళ్లలోనూ పిన్నమ్మే, వాళ్ల ఇళ్లలోనూ పిన్నమ్మే. ఆ పిలుపు ఆవిడ మీద ఏమీ పనిచేయలేదు. మొహం తిప్పేసుకుంది. సాలెహ్‌కి కోపం వచ్చింది.

"మా అమ్మ చెప్పింది. పెట్టనని చెప్పడానికి నువ్వెవరు?"

"డ్రైవర్ని. అమ్మకి ఊపిరి ఆడాలి. ఆ గుంటలో ఏసీ ఆగితే ఆడదు."

"కొత్త ఏసీ అన్నారుగా, ఎందుకు ఆగుతుంది?"

ఎందుకాగుతుందో ముందే తెలిస్తే ఎవరూ ఆపనివ్వరు. గంగారాం నన్ను పక్కకి లాగాడు.

"సైతాన్ వట్టిందా అన్నా నీకు? కొరివితోని తల గోక్కుంటవా? ఆమె జెప్పినకాడ వెడితే అయిపాయె గదా!"

"అవును బ్బీ, పెడితే అయిపోతాది. ఆ ముసిలామె అయిపోతాది. నాకు ఖురూజ్ కొడితే ఇంటికి పోతా. ఆమెను యాడికి పంపాల?"

నేను బండిని మిట్ట మీదికి ఎక్కించి, తలుపు ఈశాన్యానికి తిప్పి, చక్రాలకి ముందూ వెనకా పెద్ద రాళ్లు దొర్లించి పెట్టాను. తాళం జేబులో వేసుకున్నాను. పొద్దు వాలాక రోజూ చెట్ల మధ్య తివాచీ పరిచి కాఫీ పెడతాను, పడుకునేది మాత్రం ఇక్కడ అని సాలెహ్‌కి చెప్పాను. అతను నా ముందే అబూ మాజిద్‌కి ఫోన్ కలిపి, మీ హిందీ మా అమ్మ మాట లెక్కచేయలేదని చెప్పాడు. నాకు భయం వేసింది. వేయలేదంటే అబద్ధం. కానీ రాళ్లు తీయలేదు.

మర్నాడు మధ్యాహ్నం సాలెహ్ ఖర్జూరాల మార్కెట్లో ఉన్నాడు. గంగారాం పికప్ తీసుకొని నీళ్లకి ఊళ్లోకి పోయాడు. జనరేటర్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పెట్రోలు పైపు ఎండకి మెత్తబడి లోపల అంటుకుపోయిందని తరవాత తేలింది. ఏసీ ఆగిన కరవాన్ కాసేపట్లో ఇటుకబట్టీ అవుతుంది. లోపలి నుంచి నూరా గొంతు వినబడింది, నానమ్మకి ఊపిరి అందడం లేదని.

గంగారాంకీ సాలెహ్‌కీ ఫోన్ చేశాను, ఇద్దరూ బయలుదేరారు. అంతవరకూ నా దగ్గర ఉన్నది చోటు ఒక్కటే. తలుపు ముందు అప్పటికే బండి నీడ దిగుతోంది, పందిరి గుడ్డ కట్టే ఉంది. మంచం దుప్పట్లన్నీ తాగే నీళ్లలో ముంచి, ఉత్తరం పక్క పందిరికి వేలాడదీశాను. మా ఇళ్లలో వేసవికి వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లుతాం చూడండి, అదే. నూరా ఆవిడని నెమ్మదిగా తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. షమాల్ ఆ తడి గుడ్డల్లోంచి వచ్చింది. వేడి గాలే, గుడ్డ దాటాక చల్లగాలి అయింది. నేను గుడ్డలు ఆరనీయకుండా నీళ్లు చల్లుతూనే ఉన్నాను. యా అల్లా, గాలి ఆపొద్దు అని అంత గట్టిగా నేను ఏ నమాజులోనూ అడిగి ఉండను.

కాసేపటికి ఆవిడ ఊపిరి సర్దుకుంది. కళ్లు తెరిచి, ముందు గుడ్డల వైపు, తరవాత కింద చెట్ల వైపు చూసింది. నాతో కాదు, నూరాతో అంది.

"చెట్లలో కట్టింది ఒంటెల్ని. మా డేరా ఇక్కడ, ఈ మిట్ట మీద. నేను రోజంతా చెట్లలోనే ఆడేదాన్ని, అదే గుర్తుండిపోయింది."

సాలెహ్ దుమ్ము లేపుకుంటూ వచ్చేసరికి వాళ్లమ్మ కాఫీ అడుగుతోంది. అతను తల్లి పక్కన నేల మీద కూర్చొని ఆవిడ పాదాలు పట్టుకున్నాడు. ఆ రోజే ఇంటికి పోదామంటే ఆవిడ ఒప్పుకోలేదు. గంగారాం వచ్చి కొత్త పైపు వేశాడు. అనుకున్న రోజులన్నీ ఉండే వెళ్లారు.

రాళ్లు

సాలెహ్ ఆ సాయంత్రమే అబూ మాజిద్‌కి మళ్లీ ఫోన్ చేసి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. అయినా నాకు ఖురూజ్ పడింది. "ఫిర్యాదు వల్ల కాదు మస్తాన్. ఇద్దరి లెవీ కట్టలేను. ఒకణ్నే ఉంచుకోగలను, గంగారాం నీకన్నా చిన్నవాడు" అన్నాడు అబూ మాజిద్. నా వైపు చూడలేక తలగుడ్డ సర్దుకున్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదని నాకు తెలుసు. కడుపు మండింది, అదీ నిజమే. ఫిర్యాదు లేకపోయినా వెళ్లేవాణ్నే అని తెలిశాక ఒక సంగతి తేలిపోయింది. భయపడి ఆ గుంటలో బండి పెట్టి ఉంటే నాకు ఉద్యోగమూ మిగిలేది కాదు, ఆ పెద్దావిడా మిగిలేది కాదు. కుర్రాళ్లకి ఇదే చెబుతాను. మీ ఇఖామా మీ చేతిలో లేదు. ఏ రంగు ఎప్పుడు మారుతుందో మీకు తెలియదు. బండి ఆపే చోటు మాత్రం మీ చేతిలో ఉంది. దాన్ని ఎవరి మొహం చూసీ వదులుకోకండి.

విమానాశ్రయంలో గంగారాం ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. "చౌడు మీద పెట్టొద్దు రా" అని తిట్టి లోపలికి పోయాను.

మరుసటి ఏడు ఖర్జూరాల కోతలప్పుడు, రాయచోటిలో మా దుకాణం అరుగు మీద కూర్చొని ఉండగా వాడి ఫోన్ వచ్చింది. వెనక గాలి చప్పుడు.

"మస్తానన్నా, ఉనైజాకెళ్లి మాట్లాడుతున్న. ముసలామె కారు దిగకముందే అడిగింది, ఆ మొండి హిందీ బండి ఏడ వెట్టిండో ఆడనే పెట్టుమని. మిట్ట మీదికెళ్లి చూసిన. నువ్వు చక్రాలకు వెట్టిన రాళ్లు గట్లనే ఉన్నయే! నడుమల చక్రాలు తెచ్చి నిలిపిన, గంతే. ఆగు, ఆమె నీతోని మాట్లాడుతదంట."

ఫోన్ చేతులు మారింది. కొంచెం ఆయాసం వినబడింది, తరవాత నవ్వు.

"యా హిందీ, కష్తా!" అంది ఉమ్ సాలెహ్.

ఈసారి నాకు సరిగ్గానే వినబడింది.